ఐదవ రోజు బంతి ఎందుకు తిరిగింది?
2001 టెస్టు పోటీల నుండి కొన్ని సైన్సు పాఠాలు



క్రికెట్ ఆట గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. వరి కోతలు అయిపోగానే మన పార్వతీపురం చుట్టుపక్కల ఏ మడి చూసినా మూడు కర్రలు పాతి కనిపిస్తాయి. ఒక చెక్క బ్యాటు, ఒక రబ్బరు బంతి, నలుగురు పిల్లలు ఉంటే చాలు, ఆట మొదలవుతుంది. అయితే ఆ మడిలో పరుగెత్తేటప్పుడు భౌతికశాస్త్రం, నేలల శాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, గణితం నాలుగూ మీతోపాటే ఆడుతున్నాయని ఎప్పుడైనా ఆలోచించారా?

ఈ నాలుగింటినీ ఒకే చోట చూపించే పోటీలు 2001వ సంవత్సరంలో మన దేశంలో జరిగాయి. వాటిలో ప్రధాన పాత్ర వహించినవాడు మన తెలుగువాడే. ముందుగా కథ తెలుసుకొని, తరువాత దాని వెనుక ఉన్న కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మూడు పోటీల కథ

2001 ఫిబ్రవరిలో స్టీవ్ వా నాయకత్వంలో ఆస్ట్రేలియా జట్టు భారతదేశానికి వచ్చింది. అప్పటికే అది వరుసగా 15 టెస్టులు గెలిచి ఉంది. ముంబైలో జరిగిన మొదటి టెస్టును కూడా 10 వికెట్ల తేడాతో మూడు రోజుల్లోనే గెలిచింది. అంటే వరుసగా 16 విజయాలు!

రెండవ టెస్టు మార్చి 11న కోల్‌కతాలోని ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైంది. ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా, భారత్ 171 పరుగులకే కూలిపోయింది. 274 పరుగులు వెనుకబడినందువల్ల వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దిగవలసి వచ్చింది. దీనినే 'ఫాలో ఆన్' అంటారు. అప్పటికి ప్రపంచంలో పదిహేను వందలకు పైగా టెస్టులు జరిగాయి. వాటిలో ఫాలో ఆన్ ఆడిన జట్టు గెలిచినవి రెండే రెండు. అవి 1894లో సిడ్నీలోను, 1981లో హెడింగ్లేలోను జరిగాయి.

ఆ పరిస్థితిలో హైదరాబాదుకు చెందిన వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్‌ను మూడవ స్థానంలో ఆడమన్నారు. మొదటి ఇన్నింగ్సులో అతడు 59 పరుగులు చేసి చివరి వికెట్టుగా అవుటయ్యాడు. మూడవ రోజు ముగిసేసరికి భారత్ 4 వికెట్లకు 254 పరుగులు చేసింది. ఇంకా 20 పరుగులు వెనుకనే ఉంది. నాలుగవ రోజున లక్ష్మణ్, రాహుల్ ద్రవిడ్ కలసి ఉదయం నుండి సాయంత్రం దాకా, 90 ఓవర్లపాటు, ఒక్క వికెట్టు కూడా పోకుండా 335 పరుగులు చేశారు. చివరకు లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 పరుగులు చేశారు. ఇద్దరి భాగస్వామ్యం 376 పరుగులు.

భారత్ 7 వికెట్లకు 657 వద్ద ఇన్నింగ్సు ముగించినట్లు ప్రకటించి, ఆస్ట్రేలియాకు 384 పరుగుల లక్ష్యం ఇచ్చింది. ఐదవ రోజు తేనీటి విరామం తరువాత ఆస్ట్రేలియా 3 వికెట్లకు 166 వద్ద నిలకడగా ఉంది. అంతలో 8 పరుగుల వ్యవధిలోనే 5 వికెట్లు పడిపోయాయి! 212కే ఆలౌటై, 171 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లో ఆఫ్ స్పిన్నర్ హర్భజన్ సింగ్ 13 వికెట్లు తీశాడు. హైదరాబాదు జట్టుకే చెందిన మరొక స్పిన్నర్ వెంకటపతి రాజుకు అది చివరి టెస్టు. రెండవ ఇన్నింగ్సులో మార్క్ వా వికెట్టు అతనిదే.

మూడవ టెస్టు చెన్నైలో జరిగింది. హర్భజన్ ఈసారి 15 వికెట్లు తీశాడు. గెలవడానికి 155 పరుగులు కావలసి ఉండగా, భారత్ 8 వికెట్లు పోగొట్టుకొని ఎలాగో గట్టెక్కింది. ఆ ఇన్నింగ్సులో కూడా లక్ష్మణ్ 66 పరుగులు చేశాడు. మూడు పోటీల వరుసను భారత్ 2–1తో గెలుచుకుంది.

ఇప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఇది: మొదటి రోజు అంతగా తిరగని బంతి ఐదవ రోజు ఎందుకు తిరుగుతుంది? అదే పిచ్, అదే రకం బంతి, అదే బౌలర్ కదా!

మట్టి చేసే పని

పిచ్ తయారు చేయడం మనకు తెలియని విద్య కాదు. నూర్పిళ్ళకు ముందు మన రైతులు కళ్ళం ఎలా తయారు చేస్తారో గుర్తు తెచ్చుకోండి. బంకమట్టి వేసి, నీళ్ళు చల్లి, చదును చేసి, గట్టిపడేదాకా అణగదొక్కుతారు. పిచ్ కూడా అంతే. బంకమట్టి పొరను తడిపి, బరువైన రోలరు నడిపి గట్టిపరుస్తారు.

బంకమట్టి రేణువులు చాలా చిన్నవి, పలుచని రేకుల వంటివి. వాటి మధ్య నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. ఆ నీరు ఆవిరైతే మట్టి కుంచించుకుపోతుంది. అయితే పొర అంతా ఒకదానితో ఒకటి అతుక్కొని ఉండడం వల్ల స్వేచ్ఛగా దగ్గరకు జరగలేదు. అందుచేత బలహీనంగా ఉన్న చోట్ల తెగిపోతుంది. అవే బీటలు. వేసవిలో ఎండిన చెరువు గర్భంలో మీరు చూసే పలకలు ఈ విధంగా ఏర్పడినవే. ఇసుక రేణువులు పెద్దవి, నీటికి ఉబ్బవు. కనుక ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేల అంతగా బీటలు వారదు.

ఐదు రోజులు ఎండ తగిలేసరికి పిచ్‌లోని తేమ తగ్గుతుంది. దానికి తోడు బౌలర్ల బూట్ల కింద ఉండే ఇనుప ముళ్ళు నేలను గీరుతాయి. పైపొర పొడిపొడిగా లేచి, గరుకు మచ్చలు ఏర్పడతాయి. స్పిన్నర్లు ఆ మచ్చల మీదనే బంతి వేయాలని చూస్తారు. కారణం ఘర్షణ.

సైకిలు చక్రం చెప్పే పాఠం

ఒక సైకిలుకు స్టాండు వేసి, వెనుక చక్రాన్ని పెడలుతో వేగంగా తిప్పండి. చక్రం గాలిలోనే తిరుగుతుంది, సైకిలు కదలదు. ఇప్పుడు చక్రం నేలకు తగిలేలా స్టాండును నెమ్మదిగా దించితే ఏమవుతుంది? సైకిలు ముందుకు దూకుతుంది. చక్రం అడుగుభాగం నేలను వెనక్కి నెడుతుంది, నేల ఘర్షణ ద్వారా చక్రాన్ని ముందుకు నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ఇదే కదా!

స్పిన్నర్ బంతిని వేళ్ళతో పక్కకు తిప్పి వదులుతాడు. గాలిలో అది గిర్రున తిరుగుతూ వస్తుంది. నేలను తాకిన కొన్ని మిల్లీ సెకండ్ల కాలంలో బంతి అడుగుభాగం నేలను ఒక పక్కకు నెడుతుంది, నేల బంతిని రెండవ పక్కకు నెడుతుంది. దానితో బంతి దారి మారుతుంది. నున్నని తడి నేలపై బంతి కొంత జారిపోతుంది కనుక తోపు తక్కువ. ఎండి గరుకెక్కిన నేలపై పట్టు ఎక్కువ కనుక తోపు ఎక్కువ. బీటల అంచుల మీద పడితే పైకి లేవడం కూడా ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఐదవ రోజున ఆడడం కష్టం కావడానికి కారణం ఇదే.

గాలి కూడా ఒక చేయి వేస్తుంది

తిరిగే బంతి నేలను తాకక ముందే గాలిలో కూడా వంపు తిరగగలదు. 1672లోనే న్యూటన్ టెన్నిస్ బంతి విషయంలో దీనిని గమనించాడు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ దీనిని పరిశోధించాడు కనుక 'మాగ్నస్ ప్రభావం' అనే పేరు వచ్చింది. తిరిగే బంతి తన చుట్టూ ఉన్న పలుచని గాలి పొరను తనతో లాగుతుంది. అందువల్ల బంతి వెనుక గాలి ఒక పక్కకు మళ్ళుతుంది. గాలి ఒక పక్కకు మళ్ళితే బంతి రెండవ పక్కకు నెట్టబడుతుంది. బంతి పైభాగం ముందుకు దొర్లేటట్లు తిప్పితే, అది అనుకున్నదానికన్నా ముందుగా కిందికి దిగుతుంది.

అమెరికాలో ఆడే బేస్‌బాల్‌కు ఈ ప్రభావమే ప్రాణం. ఆ ఆటలో బంతి నేలను తాకకుండా సరాసరి బ్యాటు పట్టినవాని వద్దకు వస్తుంది. బంతి విసిరే చోటు నుండి బ్యాటు పట్టినవాడు కాపలా కాసే పలక దాకా దూరం 18.44 మీటర్లు, మన పిచ్ పొడవు 20.12 మీటర్లు. రెండూ ఇంచుమించు సమానమే. కాని బేస్‌బాల్ ఆటగానికి నేల సహాయం లేదు. తిప్పవలసినదంతా గాలిలోనే తిప్పాలి. క్రికెట్‌లో మాత్రం బౌలరుకు గాలి, నేల రెండూ తోడు.

ముందడుగులో ఉన్న లెక్క

అంతగా తిరిగే బంతులను లక్ష్మణ్ ఎలా ఎదుర్కొన్నాడు? షేన్ వార్న్ వంటి గొప్ప లెగ్ స్పిన్నర్ గరుకు మచ్చల మీద బంతులు వేస్తుంటే అతడు క్రీజు దాటి ముందుకు వచ్చి కొట్టాడు. చూసేవారికి అది సాహసంగా కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అందులో ఎంత వివేకం ఉందో తెలుస్తుంది.

బంతి నేలను తాకి 5 డిగ్రీల కోణంలో పక్కకు తిరిగిందనుకుందాం. 5 డిగ్రీల టాన్ విలువ సుమారు 0.087. అంటే పడిన చోటు నుండి 30 సెంటీ మీటర్ల దూరంలో బంతి దాదాపు 2.6 సెం.మీ. మాత్రమే పక్కకు జరుగుతుంది. 1 మీటరు దూరంలో 8.7 సెం.మీ., 2 మీటర్ల వద్ద 17 సెం.మీ.కు పైగా, 3 మీటర్ల వద్ద 26 సెం.మీ. జరుగుతుంది.

నిబంధనల ప్రకారం బ్యాటు వెడల్పు 10.8 సెం.మీ.కు మించరాదు. అందులో సగం 5.4 సెం.మీ. కనుక బంతి పడిన చోటు నుండి సుమారు 60 సెం.మీ. లోపలే బ్యాటును తీసుకుపోగలిగితే, బంతి ఎటు తిరిగినా బ్యాటు అంచు దాటి పోలేదు. ముందడుగు వేయడంలోని రహస్యం ఇదే. మలుపు పెరిగి పెద్దది కాకముందే దానిని పట్టుకోవడం!

రెండవ మార్గం కూడా ఉంది. బాగా వెనక్కి జరిగి, బంతి ఎటు తిరిగిందో చూసి ఆడడం. కంటితో చూసి చేయి కదపడానికి మనిషికి సుమారు 0.2 సెకండు పడుతుంది. నేలను తాకిన తరువాత బంతి సెకండుకు 15 మీటర్ల వేగంతో వస్తే, 3 మీటర్లు రావడానికి సరిగ్గా 0.2 సెకండు. అంటే ఎంత వెనక్కి పోతే అంత వ్యవధి దొరుకుతుంది. మరి ముందుకూ పోక, వెనక్కూ పోక నడుమ నిలిచిపోయినవాని గతి ఏమిటి? మలుపు అప్పటికే పెద్దదై ఉంటుంది, చూసి సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు. తిరిగే పిచ్‌పై సందేహంతో ఆడినవారు ఎక్కువగా అవుటయ్యేది అక్కడే.

చెమట కూడా ఆటగాడే

లక్ష్మణ్ ఆ ఇన్నింగ్సులో 452 బంతులు ఎదుర్కొన్నాడు. 44 ఫోర్లు కొట్టాడు, సిక్సర్ ఒక్కటీ లేదు. 44 ఫోర్లకు 176 పరుగులు పోగా మిగిలిన 105 పరుగులు పరుగెత్తి తీసినవే. రెండు క్రీజుల మధ్య దూరం 17.68 మీటర్లు. కనుక తన పరుగుల కోసమే దాదాపు 1.86 కిలోమీటర్లు, కాళ్ళకు ప్యాడ్లు కట్టుకొని, పరుగెత్తాడు. ద్రవిడ్ పరుగుల కోసం పరుగెత్తినది దీనికి అదనం. అప్పుడు లక్ష్మణ్ నడుము నొప్పితోను, ద్రవిడ్ జ్వరపు నీరసంతోను ఉన్నారు.

పని చేసే కండరాలలో వేడి పుడుతుంది. ఆ వేడిని పోగొట్టే సాధనం చెమట. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి శరీరం నుండి సుమారు 580 కేలరీల వేడిని తీసుకుంటుంది. ఇక్కడ 'ఆవిరి కావడానికి' అన్న మాటను గమనించండి. కోల్‌కతా వంటి తేమగాలి ప్రదేశంలో చెమట త్వరగా ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమట చల్లదనం ఇవ్వదు, కాని శరీరంలోని నీరు, ఉప్పు మాత్రం పోతాయి. వాటితోపాటు అలసట కూడా తోడైతే కండరాలు పట్టేస్తాయి. అందువల్లనే ఆటగాళ్ళకు విరామంలో లవణాలు కలిపిన నీరు ఇస్తారు. మన కొండల్లో పోడు పనికి పోయేవారు చోడి అంబలిలో ఉప్పు వేసుకొని తాగడంలో ఉన్న విజ్ఞానం కూడా ఇదే.

అదృష్టమా, నేర్పా?

"భారత్ అదృష్టం కొద్దీ గెలిచింది" అని ఎవరైనా అంటే మీరేమంటారు? అటువంటి మాటలను తూచడానికి గణితంలో ఒక త్రాసు ఉంది. దాని పేరు సంభావ్యత.

ముందుగా ఆస్ట్రేలియా సంగతి చూద్దాం. వారు ఇతర జట్లతో సమానమైన బలం కలవారే అయితే, ఒక్కొక్క పోటీ నాణెం ఎగురవేసినట్లే. నాణెం వరుసగా 16 సార్లు బొమ్మే పడడానికి అవకాశం 65,536లో 1. కనుక ఆ 16 విజయాలు కేవలం అదృష్టం కాజాలవు. ఆ జట్టు నిజంగానే బలమైనది.

ఇప్పుడు భారత్ సంగతి. మొదటి పోటీ ఓడిన జట్టు మిగిలిన రెండూ గెలవాలి. రెండు జట్లూ సమానమైతే నాలుగు ఫలితాలు సాధ్యం: గెలుపు–గెలుపు, గెలుపు–ఓటమి, ఓటమి–గెలుపు, ఓటమి–ఓటమి. వరుస దక్కేది మొదటి ఫలితంలోనే. అంటే 4లో 1 వంతు. ఒక్కొక్క పోటీలో మన గెలుపు అవకాశం 3లో 1 వంతే అనుకుంటే, రెండూ గెలిచే అవకాశం 9లో 1 వంతు. తక్కువే, కాని శూన్యం కాదు!

పరుగుల తేడాను చూసి మోసపోకూడదు. చెన్నైలో రెండు ఇన్నింగ్సులూ కలిపితే భారత్ 656, ఆస్ట్రేలియా 655. తేడా ఒక్క పరుగు! అయితే ముంబైలోనో? ఆస్ట్రేలియా 396, భారత్ 395. అక్కడ కూడా తేడా ఒక్క పరుగే! కాని ముంబైలో గెలుపు 10 వికెట్లతో, చెన్నైలో 2 వికెట్లతో. చివర బ్యాటింగ్ చేసే జట్టు లక్ష్యం దాటగానే ఆట ఆగిపోతుంది కనుక పరుగుల తేడా ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. చేతిలో ఎన్ని వికెట్లు మిగిలాయో చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది. కొలత తీసుకునే ముందు దేనిని కొలుస్తున్నామో తెలుసుకోవాలి.

దీనికి బేస్‌బాల్‌లో ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. అమెరికాలో ఏటా జరిగే 'వరల్డ్ సిరీస్'లో ఏడు పోటీలలో ముందుగా నాలుగు గెలిచినవారు విజేతలు. 1960లో న్యూయార్క్ యాంకీస్ జట్టు 16–3, 10–0, 12–0 తేడాలతో మూడు పోటీలు గెలిచింది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు 6–4, 3–2, 5–2 తేడాలతో మూడు గెలిచింది. చివరి ఏడవ పోటీ 9–9 వద్ద ఉండగా, అక్టోబరు 13న పైరేట్స్ ఆటగాడు బిల్ మజెరోస్కీ కొట్టిన ఒకే ఒక్క దెబ్బతో 10–9గా ముగిసింది. మొత్తం పరుగులు కూడితే యాంకీస్‌వి 55, పైరేట్స్‌వి 27. సగం పరుగులు కూడా లేని జట్టు విజేత! ఒకే రోజు కుప్ప పోసిన పరుగులు మరునాటికి పనికిరావు కదా.

మరి ఏడు పోటీలు ఎందుకు పెట్టారు? ఒక జట్టు ఒక్క పోటీ గెలిచే అవకాశం 100లో 60 అనుకోండి. ఒకే పోటీ పెడితే ఆ మెరుగైన జట్టు 100కు 60 సార్లే గెలుస్తుంది. మూడు పోటీల వరుస పెడితే దాదాపు 65 సార్లు, ఏడు పోటీలు పెడితే 71 సార్లు గెలుస్తుంది. పోటీల సంఖ్య పెరిగేకొద్దీ అదృష్టం వాటా తగ్గి, నేర్పు వాటా పెరుగుతుంది. ప్రయోగశాలలో ఒకే కొలత తీసుకోక, పలుమార్లు కొలిచి సగటు తీయమనేది ఇందుకే. ఒక్క యూనిట్ పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి "నాకు లెక్కలు రావు" అని తేల్చుకోవడం ఎంత తొందరపాటో మీరే ఆలోచించండి.

ఆ టెస్టుల తరువాత జరిగిన ఐదు వన్డే పోటీల వరుసను ఆస్ట్రేలియా 3–2తో గెలిచింది. వాటిలో నాలుగవది ఏప్రిల్ 3న మన విశాఖపట్నంలో జరిగింది. రెండు జట్ల మధ్య ఎంత స్వల్పమైన తేడా ఉందో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఇక ఫాలో ఆన్ ఆడి గెలిచిన జట్ల జాబితాలో కోల్‌కతా మూడవది. నాలుగవది 2023లో చేరింది. వెల్లింగ్టన్‌లో ఇంగ్లండుపై న్యూజిలాండ్ ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచింది.

మీరే చేసి చూడండి

1. ఒకే కొలత గల రెండు మూతలు తీసుకోండి. ఒక దానిలో చెరువు బంకమట్టి, రెండవ దానిలో సగం బంకమట్టి, సగం ఇసుక కలిపిన ముద్ద నింపి చదును చేయండి. ఐదు రోజులు ఎండలో ఉంచి, రోజూ సాయంత్రం బీటల సంఖ్య, వెడల్పు రాసుకోండి. ఏ 'పిచ్' మీద స్పిన్నర్ సంతోషిస్తాడు?

2. నేల మీద సుద్దతో ఒక గీత గీయండి. టెన్నిస్ బంతిని వేళ్ళతో పక్కకు తిప్పుతూ గీత మీద నిలువుగా వదలండి. గరుకు సిమెంటు నేల మీద, తడిపిన నున్నని బండ మీద విడివిడిగా పదేసి సార్లు చేసి, ఎంత పక్కకు పోయిందో కొలిచి సగటు తీయండి.

3. బొమ్మ ఒక జట్టు, బొరుసు ఒక జట్టు అనుకొని నాణెం ఎగురవేయండి. ముందుగా నాలుగు గెలిచేవరకు ఒక 'వరుస'. ఇటువంటి 40 వరుసలు ఆడి, ఎన్ని నాలుగు పోటీలలో, ఎన్ని ఐదు, ఆరు, ఏడు పోటీలలో ముగిశాయో పట్టిక వేయండి. లెక్క ప్రకారం సుమారు 5, 10, 12 లేక 13, 12 లేక 13 రావాలి. తరగతిలోని అందరి పట్టికలూ కలిపితే లెక్కకు ఇంకా దగ్గరవుతారు.

ఆలోచించి చెప్పండి

1. బంతి 8 డిగ్రీలు తిరిగితే (టాన్ విలువ 0.14) పడిన చోటు నుండి ఎంత దూరంలోపు బ్యాటును చేర్చాలి?
2. గాలి లేని చంద్రుని మీద స్పిన్నర్ బంతి వేస్తే అది గాలిలో వంపు తిరుగుతుందా? నేలను తాకాక పక్కకు తిరుగుతుందా?
3. సమాన బలం గల రెండు జట్లు ఐదు పోటీల వరుస ఆడుతున్నాయి. మొదటిది ఓడిన జట్టుకు వరుస గెలిచే అవకాశం ఎంత? మూడు పోటీల వరుసలో ఉన్న 4లో 1 వంతు కన్నా అది ఎక్కువా, తక్కువా?

జవాబులు: 1. దాదాపు 39 సెం.మీ. 2. గాలి లేదు కనుక వంపు తిరగదు. ఘర్షణ ఉంటుంది కనుక నేలను తాకాక తిరుగుతుంది. 3. 16లో 5 వంతులు. ఎక్కువే. ముందున్న దారి ఎంత పొడవైతే, వెనుకబడినవానికి అంత వ్యవధి దొరుకుతుంది.